తాయెత్తు కట్టే చోటు: దండలో నర్వ్‌లు, ఆర్టరీలు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, వచ్చే వారం దండ డిసెక్షన్. ఏ నర్వ్ ఏ ఆర్టరీతో కలిసి పోతుందో చదివిన గంటకే కలగాపులగం అవుతోంది. రేడియల్ నర్వ్ దెబ్బతింటే మణికట్టు వేలాడుతుంది గానీ మోచెయ్యి మాత్రం చాచగలుగుతారు, ఎందుకని? ఇంటర్ దాకా తెలుగు మీడియం కాబట్టి తెలుగులోనే చెప్పమన్నారు.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. "నరానికి సూది వేశారు" అంటే అది వెయిన్. "నరం పట్టేసింది" అంటే చాలాసార్లు కండరం. "నరాల బలహీనత" అన్నప్పుడు మాత్రమే నర్వ్. "నాడి చూడటం" అంటే ఆర్టరీ కొట్టుకోవడం చూడటం. రేపు ఓపీలో పేషెంటు "చేతిల నరం దెబ్బతిన్నది సారూ" అంటే ఏది దెబ్బతిన్నదో మీరే అడిగి, ముట్టి తేల్చుకోవాలి. అందుకే ఇక్కడ నర్వ్, ఆర్టరీ, వెయిన్ అనే రాస్తున్నాను. అలాగే అనాటమీలో ఆర్మ్ అంటే భుజం నుంచి మోచేతి వరకే. మనం దండ అన్నా, రెట్ట అన్నా, జబ్బ అన్నా అదే. మోచేతి కింది భాగం ఫోర్‌ఆర్మ్. ఈ తేడా మరిచిపోతే వైవాలో మొదటి ప్రశ్నకే తడబడతారు.

ఇక అసలు విషయం. నర్వ్‌లను ఒక్కొక్కటిగా పైనుంచి కింది దాకా బట్టీ పడుతున్నారు కాబట్టే కలగాపులగం అవుతోంది. అలా కాకుండా ఒక చోటును పట్టుకోండి. దండకు తాయెత్తు ఎక్కడ కడతారు? పాతబస్తీలో ప్రయాణం బయల్దేరేవాళ్లకు ఇమామ్ జామిన్ ఎక్కడ కడతారు? దండ సగంలో. అక్కడ చెయ్యి పెట్టి చూసుకోండి. చెయ్యి పక్కకు ఎత్తితే భుజం మీది డెల్టాయిడ్ గట్టిపడుతుంది. దాని అంచుల వెంట వేళ్లు కిందికి జార్చితే రెండు అంచులూ కలిసే మొన బయటివైపు తగులుతుంది. ఎముక మీద అదే డెల్టాయిడ్ ట్యూబరాసిటీ. సరిగ్గా అదే ఎత్తులో లోపలివైపు కొరాకోబ్రేకియాలిస్ అనే కండరం అతుక్కుంటుంది. దండలో ముఖ్యమైన మార్పులన్నీ దాదాపు ఈ మట్టంలోనే జరుగుతాయి.

అవేమిటంటే, దండ ఎముక హ్యూమరస్ పైన గుండ్రంగా ఉండి ఇక్కడి నుంచి మూడు పలకలుగా మారుతుంది. బ్రేకియాలిస్ అనే కండరం ఇక్కడే మొదలవుతుంది. దండను ముందు, వెనక అని రెండు గదులుగా (కంపార్ట్‌మెంట్లు) విడదీసే గోడలను సెప్టమ్‌లు అంటారు, మీడియల్ అంటే లోపలివైపుది, లాటరల్ అంటే బయటివైపుది. అప్పటిదాకా బ్రేకియల్ ఆర్టరీకి బయటివైపున ఉన్న మీడియన్ నర్వ్ దాన్ని దాటి లోపలివైపుకు వస్తుంది. ముందు గదిలో ఉన్న అల్నార్ నర్వ్ మీడియల్ సెప్టమ్‌ను చీల్చుకుని వెనక గదిలోకి వెళ్తుంది. వెనక గదిలో రేడియల్ నర్వ్ ఎముకను చుట్టుకుంటూ స్పైరల్ గ్రూవ్ అనే ఏటవాలు గాడిలో ఉంటుంది. ఎముకకు రక్తం ఇచ్చే న్యూట్రియంట్ ఆర్టరీ లోపలికి దూరేది ఇక్కడే. చర్మం కింద నడుస్తున్న బేసిలిక్ వెయిన్ కండరాలను చుట్టి ఉండే గట్టి పొరను, అంటే డీప్ ఫేషియాను, చీల్చుకుని లోపలికి దిగేదీ ఇక్కడే. మన పరీక్షల్లో "కొరాకోబ్రేకియాలిస్ ఇన్సర్షన్ మట్టంలో జరిగే మార్పులు రాయండి" అని అడిగేది దీని గురించే. దాన్ని పాఠంలో చివరి పేరాలా చదవకండి, పాఠాన్నే అక్కడి నుంచి మొదలుపెట్టండి. పైన ఎలా ఉంది, కింద ఎలా మారింది అని రెండు బొమ్మలు గీస్తే దండ మొత్తం వచ్చేస్తుంది.

ముందు గదిలో బైసెప్స్, దాని కింద బ్రేకియాలిస్, పైన లోపలివైపు కొరాకోబ్రేకియాలిస్ ఉంటాయి. ఈ మూడింటికీ మస్క్యులోక్యుటేనియస్ నర్వే దిక్కు. అది కొరాకోబ్రేకియాలిస్‌ను పొడుచుకుని వచ్చి, బైసెప్స్‌కూ బ్రేకియాలిస్‌కూ మధ్య సందులో కిందికి దిగి, మోచేతి దగ్గర బైసెప్స్ స్నాయువు పక్కగా బయటపడి ఫోర్‌ఆర్మ్ బయటి అంచు చర్మానికి స్పర్శ ఇస్తుంది. బ్రేకియాలిస్ బయటి అంచుకు రేడియల్ నర్వ్ నుంచి కూడా ఒక చిన్న కొమ్మ వస్తుందని గుర్తుంచుకుంటే చాలు.

డిసెక్షన్ టేబుల్ మీద ఎంతో అక్కరకొచ్చే సూత్రం ఒకటుంది: మీడియన్, అల్నార్ నర్వ్‌లు దండలో ఏ కండరానికీ కొమ్మ ఇవ్వవు. మోచేతికి కాస్త పైన మీడియన్ నుంచి ప్రొనేటర్ టెరిస్‌కు ఒక కొమ్మ రావచ్చు, అంతే. కాబట్టి ముందు గదిలో కండరంలోకి కొమ్మలు వేస్తున్న నర్వ్ కనబడితే అది మస్క్యులోక్యుటేనియస్ అనుకోవచ్చు. అయితే కొందరిలో ఇది కొరాకోబ్రేకియాలిస్‌ను పొడవకుండానే వెళ్తుంది. కొందరిలో మీడియన్ నర్వ్‌తో కలుపుతూ ఒక తీగ ఉంటుంది. మీ టేబుల్ మీది శరీరం పుస్తకంలో బొమ్మలా లేదంటే మీరు తప్పు కోశారని కాదు. పీకేయకుండా ట్యూటర్‌ను పిలిచి చూపించండి.

బ్రేకియల్ ఆర్టరీ కొత్తగా పుట్టదు. చంకలోని యాక్సిలరీ ఆర్టరీయే చంక వెనక కండరమైన టెరిస్ మేజర్ కింది అంచు దాటగానే పేరు మార్చుకుంటుంది. మోచేతి ముందు రేడియస్ మెడ మట్టంలో రేడియల్, అల్నార్ ఆర్టరీలుగా చీలుతుంది. దారి పొడవునా పైపైనే ఉంటుంది, దాని మీద చర్మం, ఫేషియా తప్ప పెద్దగా ఏమీ ఉండవు. అందుకే దాన్ని మన చేతి మీదే పట్టుకోవచ్చు. బైసెప్స్ లోపలి అంచు వెంట ఉన్న గాడిలో రెండు వేళ్లు పెట్టండి. దండ పైసగంలో బయటివైపుకు నొక్కాలి, ఎందుకంటే అక్కడ ఆర్టరీకి బయటిపక్కన ఎముక ఉంది. కిందిసగంలో వెనక్కి నొక్కాలి, ఎందుకంటే ఆర్టరీ అక్కడికి ఎముక ముందుకు వచ్చేసింది. దండ పైభాగంలో నేరుగా వెనక్కి నొక్కితే వేళ్ల కింద మెత్తటి ట్రైసెప్స్ తప్ప ఎముక ఉండదు, పల్స్ జారిపోతుంది. రక్తం ఆపడానికి ఆర్టరీని నొక్కాలన్నా ఇదే లెక్క.

ఇక వెనక గది. మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఇక్కడుండే కండరం మోచేతిని చాచే ట్రైసెప్స్. దానికి లాంగ్, లాటరల్, మీడియల్ అని మూడు హెడ్‌లు, అంటే తలలు.

రేడియల్ నర్వ్ చంకలోని నర్వ్‌ల కట్టల్లో వెనకదైన పోస్టీరియర్ కార్డ్ నుంచి వస్తుంది. టెరిస్ మేజర్ కిందుగా, ట్రైసెప్స్ లాంగ్ హెడ్‌కూ హ్యూమరస్‌కూ మధ్య ఉన్న మూడు మూలల సందులోంచి వెనక్కి వెళ్తుంది. దానికి తోడుగా బ్రేకియల్ ఆర్టరీ మొదటి పెద్ద కొమ్మ ప్రొఫండా బ్రేకై నడుస్తుంది. ఇద్దరూ కలిసి ఎముక వెనక లోపలినుంచి బయటికి ఏటవాలుగా దిగుతారు. గ్రూవ్‌కు పైన లాటరల్ హెడ్ పుడుతుంది, కింద మీడియల్ హెడ్ పుడుతుంది. మోచేతికి లోపలా బయటా తగిలే ఎముక బొడిపెలు మీడియల్, లాటరల్ ఎపికాండైల్‌లు. పెద్దవాళ్లలో ఈ నర్వ్ ఎముక వెనక సుమారు మీడియల్ ఎపికాండైల్‌కు 20 సెం.మీ. పై నుంచి లాటరల్ ఎపికాండైల్‌కు 14 సెం.మీ. పై దాకా ఉంటుంది. లాటరల్ ఎపికాండైల్‌కు దాదాపు 10 సెం.మీ. పైన లాటరల్ సెప్టమ్‌ను చీల్చుకుని ముందుకు వస్తుంది. చెయ్యి పొడవును బట్టి ఈ అంకెలు మారతాయి గానీ, ప్లేటు వేసే సర్జన్‌కు ఇవే గీతలు. సెప్టమ్‌లో దూరే చోట నర్వ్ ఎటూ కదలలేదు. హ్యూమరస్ కింది మూడో వంతులో ఏటవాలుగా విరిగినప్పుడు నర్వ్ అక్కడే ఇరుక్కోవడానికి కారణం అదే.

ఇప్పుడు కొమ్మల వరస చూడండి. లాంగ్ హెడ్‌కు, మీడియల్ హెడ్‌కు కొమ్మలు గ్రూవ్‌లోకి వెళ్లకముందే, చంక దగ్గరే వచ్చేస్తాయి. గ్రూవ్‌లో లాటరల్ హెడ్‌కు, మళ్లీ మీడియల్ హెడ్‌కు, అంకోనియస్‌కు వస్తాయి. సెప్టమ్ దాటాక మోచేతిని వంచే బ్రేకియోరేడియాలిస్‌కు, మణికట్టును పైకి లేపే ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ లాంగస్‌కు వస్తాయి. ఆ తర్వాత లాటరల్ ఎపికాండైల్ ముందు చర్మపు కొమ్మగా, వేళ్లను చాచే కండరాలకు వెళ్లే పోస్టీరియర్ ఇంటర్‌ఆసియస్‌గా రెండుగా చీలుతుంది.

కాబట్టి దెబ్బ గ్రూవ్‌లో తగిలితే ట్రైసెప్స్‌కు ముఖ్యమైన కొమ్మలు అప్పటికే దాటిపోయి ఉంటాయి. మోచెయ్యి చాచగలుగుతారు, బలం కొంచెం తగ్గవచ్చు. కింది కండరాలన్నీ పోతాయి కాబట్టి మణికట్టు వేలాడుతుంది. దెబ్బ చంకలో తగిలితే, ఉదాహరణకు చంకకర్ర మీద బరువంతా మోపి నడిచేవాళ్లలో, ట్రైసెప్స్ కూడా పోతుంది. దెబ్బ మోచేతి కింద పోస్టీరియర్ ఇంటర్‌ఆసియస్ ఒక్కదానికే తగిలితే మణికట్టు వేలాడదు. లాంగస్‌కు కొమ్మ పైనే వచ్చేసింది కాబట్టి మణికట్టు పైకి లేస్తుంది, కాకపోతే బొటనవేలి వైపుకు వాలుతూ లేస్తుంది. వేళ్లు మాత్రం చాచలేరు, స్పర్శ పోదు. ఈ మూడు మట్టాలూ అర్థమైతే పేషెంటు చెయ్యి చూసి దెబ్బ ఎక్కడో వేలు పెట్టి చూపించగలరు.

పండక్కి ఊరెళ్లే రాత్రి బస్సులో సీటు వెనక ఇనుప కడ్డీ మీద చెయ్యి వేలాడేసి గాఢంగా నిద్రపోయినవాళ్లకు తెల్లారేసరికి మణికట్టు లేవకపోవడం ఈ గ్రూవ్ దెబ్బే. నర్వ్ తెగలేదు, నలిగింది. పైపొర మాత్రమే దెబ్బతింటే వారాల్లో కోలుకుంటుంది. ఎముక విరిగినప్పుడు కూడా, పైన గాయం లేని ఫ్రాక్చర్‌లో ఎక్కువ మందికి నర్వ్ తనంతట తానే తిరిగి వస్తుంది. అందుకే వెంటనే కోయకుండా, మణికట్టు పైకి నిలబెట్టే స్ప్లింట్ వేసి, కీళ్లు బిగుసుకోకుండా రోజూ వేళ్లను కదిలిస్తూ ఎదురుచూస్తారు. నర్వ్ లోపలి తీగలు తెగి మళ్లీ పెరగాల్సి వస్తే రోజుకు సుమారు 1 మి.మీ. పెరుగుతాయి. దెబ్బ నుంచి బ్రేకియోరేడియాలిస్‌కు 10 సెం.మీ. దూరం ఉంటే దాదాపు 100 రోజులన్న మాట. ముందుగా లేచేది కూడా అదే, దగ్గరి కండరం కాబట్టి. కత్తితోనో గాజుతోనో తెగిన గాయమైతే ఎదురుచూపు ఉండదు, తెరిచి చూడాల్సిందే.

పరీక్ష చేసేటప్పుడు విద్యార్థులు పొరపడే చోట్లు రెండున్నాయి. మణికట్టు వేలాడుతున్న పేషెంటును "వేళ్లు చాచండి" అంటే వేలి చివరి కణుపులు చాచుతాడు. రేడియల్ బాగానే ఉందని రాసేస్తారు. ఆ కణుపులను చాచేవి అల్నార్, మీడియన్ నర్వ్‌ల కింద పనిచేసే ఇంటర్‌ఆసియస్, లంబ్రికల్ కండరాలు. మీరు చూడాల్సింది వేళ్లు అరచేతిని కలిసే మొదలు కీలు, అది చాచగలుగుతున్నాడా అన్నది. రెండోది, వేలాడే మణికట్టుతో పిడికిలి పట్టమన్నా, వేళ్లు ఎడం చేయమన్నా బలహీనంగానే ఉంటుంది. అది చూసి మిగతా నర్వ్‌లు కూడా పోయాయనుకుంటారు. అరచేతిని బల్ల మీద పరిచి వేళ్లు ఎడం చేయించండి, మణికట్టును మీరు పైకి పట్టుకుని పిడికిలి పట్టించండి. అప్పుడు నిజమైన బలం తెలుస్తుంది. స్పర్శ పోయేది బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వెనకవైపు చిన్న ముక్కలోనే, అక్కడ దూదితో చూడండి.

ప్రొఫండా సంగతి ముగిద్దాం. అది గ్రూవ్‌లో రేడియల్ కొలేటరల్, మిడిల్ కొలేటరల్ అని రెండుగా చీలి మోచేతి బయటివైపు ముందూ వెనకా దిగుతుంది. లోపలివైపు సుపీరియర్ అల్నార్ కొలేటరల్ అల్నార్ నర్వ్‌తో కలిసి మీడియల్ ఎపికాండైల్ వెనక్కి, ఇన్ఫీరియర్ అల్నార్ కొలేటరల్ ముందుకు వెళ్తాయి. ఈ నాలుగూ కింది నుంచి పైకి వచ్చే రికరెంట్ ఆర్టరీలతో కలుస్తాయి. దీని ఉపయోగం ఏమిటంటే, ప్రొఫండా పుట్టిన చోటుకు కింద బ్రేకియల్ తెగితే రక్తం చుట్టుదారిన వెళ్లే అవకాశం ఎక్కువ, పైన తెగితే తక్కువ. అలాగని కింద తెగితే ఫర్వాలేదని కాదు. చుట్టుదారి వల్ల మణికట్టు దగ్గర పల్స్ అందుతూనే ఉండి, పైన ఆర్టరీ తెగి ఉండవచ్చు.

మోచేతి ముందు లోపలినుంచి బయటికి వరస: మీడియన్ నర్వ్, బ్రేకియల్ ఆర్టరీ, బైసెప్స్ స్నాయువు, రేడియల్ నర్వ్. మోచెయ్యి కొద్దిగా వంచి బైసెప్స్ స్నాయువును పట్టుకోండి, తాడులా తగులుతుంది. దానికి ఆనుకుని లోపలివైపే ఆర్టరీ కొట్టుకుంటుంది. బీపీ చూసేటప్పుడు స్టెతస్కోప్ పెట్టేది అక్కడే. కఫ్ కింది అంచు మోచేతి ముడతకు 2 నుంచి 3 సెం.మీ. పైన ఉండాలి, గాలిసంచి మధ్యభాగం ఆర్టరీ మీదికి రావాలి. స్నాయువు నుంచి లోపలికి పరుచుకునే పల్చటి పట్టీ, బైసిపిటల్ అపోన్యూరోసిస్, పైన ఉన్న వెయిన్‌ను కింద ఉన్న ఆర్టరీ, మీడియన్ నర్వ్‌ల నుంచి వేరుచేస్తుంది. రక్తం తీసేటప్పుడు సూది లోతుకు పోకుండా కొంత కాపాడేది ఇదే. డిసెక్షన్‌లో దాన్ని ఫేషియా అనుకుని కోసి పారేస్తుంటారు, జాగ్రత్త.

ఈ వరసను అంకెలు వేసి బట్టీ పట్టడం కన్నా ఒక పిల్లాడి చెయ్యి ఊహించుకోవడం మేలు. 5 నుంచి 8 ఏళ్ల పిల్లలు చెయ్యి ఆనించి పడితే హ్యూమరస్ మోచేతికి కాస్త పైన విరుగుతుంది. కింది ముక్క వెనక్కి పోతుంది, పై ముక్క మొన ముందుకు పొడుస్తుంది. కింది ముక్క వెనక్కి, బయటికి జరిగితే పై మొన లోపలివైపుకు వస్తుంది. అక్కడున్నవి మీడియన్, బ్రేకియల్. కింది ముక్క వెనక్కి, లోపలికి జరిగితే మొన బయటివైపు రేడియల్‌ను పొడుస్తుంది. మీడియన్‌లో ఎక్కువగా దెబ్బతినేది యాంటీరియర్ ఇంటర్‌ఆసియస్ కొమ్మ. దానికి స్పర్శ పని లేదు కాబట్టి తిమ్మిరి ఉండదు, అడగకపోతే బయటపడదు. బొటనవేలు, చూపుడువేలు కొనలు కలిపి గుండ్రంగా సున్నా చుట్టమనండి. చివరి కణుపులు వంగక వేళ్లు పలకల్లా ఆనితే ఆ కొమ్మ పనిచేయడం లేదన్నమాట.

అక్కడ అసలు భయం ఆర్టరీ గురించి, వాపు గురించి. విరిగిన చేతికి నాటుకట్టు గానీ ప్లాస్టర్ గానీ బిగించి కట్టి, లోపల వాపు పెరిగితే, ఫోర్‌ఆర్మ్ కండరాలకు రక్తం అందక చచ్చిపోయి గట్టి తాళ్లలా ముడుచుకుపోతాయి. 1881లో రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మన్ (Volkmann) వర్ణించిన కాంట్రాక్చర్ ఇదే. పల్స్ పోయేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది. మొదటి గుర్తు నొప్పి. మందుకు తగ్గని నొప్పి, మీరు వేళ్లను చాచబోతే కేకపెట్టే నొప్పి. పిల్లాడు ఊరికే ఏడుస్తున్నాడని సముదాయించకండి. కట్టును చర్మం కనిపించేదాకా పూర్తిగా విప్పండి, లోపలి దూది పొర సహా. మోచెయ్యి బాగా వంచి ఉంటే కాస్త చాచండి. అయినా తగ్గకపోతే ఫేషియా కోసి ఒత్తిడి తీయాలి, అది గంటల లెక్క, రోజుల లెక్క కాదు. ఇంట్లో ఎవరికైనా కట్టు వేసివస్తే వాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

టీకా సూది గురించి రెండు మాటలు. భుజం కొన, అంటే అక్రోమియన్ ఎముక అంచు, వేలికి తగలాలి. దానికి రెండు మూడు వేళ్ల కిందుగా డెల్టాయిడ్ మధ్యలో నిలువుగా వేస్తారు. యాక్సిలరీ నర్వ్ అక్రోమియన్‌కు 5 నుంచి 7 సెం.మీ. కింద కండరం లోపలివైపు అడ్డంగా నడుస్తుంది. మరీ పైన వేస్తే కీలు పక్కనున్న బర్సా అనే నీటి సంచిలోకి, మరీ కింద వెనక్కి వేస్తే రేడియల్ దగ్గరికి పోతుంది. కిందికి జారడానికి ముఖ్యకారణం బట్టలు: కుర్తా చెయ్యి, జాకెట్ చెయ్యి కిందినుంచి మడిచి పైకి తోస్తే భుజం కొన కనిపించదు, అందినచోట గుచ్చేస్తారు. మెడవైపు నుంచి గుండీలు తీసి భుజం బయటపెట్టడమే సరైన పద్ధతి.

ఇక వచ్చే వారం టేబుల్ దగ్గర. ముందువైపు నుంచి మొదలుపెట్టండి. చర్మం తీశాక సెఫాలిక్, బేసిలిక్ వెయిన్‌లను చూసుకుని, డీప్ ఫేషియాను మధ్యలో నిలువుగా కోయండి. బైసెప్స్‌ను వేలితో ఎత్తితే మస్క్యులోక్యుటేనియస్ కనిపిస్తుంది. బేసిలిక్ వెయిన్ పక్కనే సన్నగా నడిచే మీడియల్ క్యుటేనియస్ నర్వ్ ఆఫ్ ఫోర్‌ఆర్మ్‌ను చాలామంది అల్నార్ అనుకుంటారు. అల్నార్ లావుగా ఉంటుంది, సగం నుంచి వెనక్కి వెళ్తుంది. అనుమానం వస్తే మీడియల్ ఎపికాండైల్ వెనక గాడిలో అల్నార్‌ను పట్టుకుని అక్కడి నుంచి పైకి వెతుక్కుంటూ రండి. అలా వచ్చేటప్పుడు దాన్ని ఆనుకుని ఇంకో సన్నటి తీగ కనిపిస్తే అది రేడియల్ నుంచి మీడియల్ హెడ్‌కు దిగే కొమ్మ, తెంపకండి.

తర్వాత శరీరాన్ని బోర్లా తిప్పండి. లాంగ్ హెడ్, లాటరల్ హెడ్ మధ్య సందును వేళ్లతో విడదీయండి, కత్తితో కాదు. లోతున రేడియల్, ప్రొఫండా కనిపించగానే మొద్దు మొన ఫోర్సెప్స్‌ను నర్వ్ వెంట, లాటరల్ హెడ్ కిందుగా, కిందికి బయటికి తోయండి. ఫోర్సెప్స్ మీదుగా మాత్రమే లాటరల్ హెడ్‌ను కోయండి. ఫోర్సెప్స్ అడ్డం ఉంటుంది కాబట్టి నర్వ్ తెగదు. గ్రూవ్ పూర్తిగా తెరుచుకున్నాక నర్వ్ మొదటి కొమ్మలను చంక వైపు వెతకండి. లాంగ్ హెడ్‌లోకి దూరే కొమ్మ గ్రూవ్‌కు ఎంత పైన ఉందో మీ వేళ్లతో కొలవండి, మీరడిగిన మోచెయ్యి ప్రశ్నకు జవాబు ఆ వేళ్ల మధ్యే ఉంటుంది.